ఈశాన్యానికి వాలిన నేలపలక

నేను ఒక నేలపలకను. చేత్తో తడుముదామంటే దొరకను, ఎత్తి చూద్దామంటే బరువుండను. అయినా నా మీద లేచిన ఇళ్ళన్నీ ఒకచోట చేరిస్తే ఓ మోస్తరు పట్టణం అవుతుంది. నన్ను ఏ గనిలోనూ తవ్వలేదు, ఏ బట్టీలోనూ కాల్చలేదు. విశాఖపట్నంలో ఒక మేడ రెండో అంతస్తులో ఉన్న ఆటల కంపెనీలో, హైమవతి అనే అమ్మాయి కంప్యూటర్‌లో పుట్టాను. వీడియోగేమ్‌లో ఇల్లు కట్టుకునేవాళ్ళు పరుచుకునే నేలను నేను.

హైమవతి ఆ కంపెనీలో బొమ్మలు చేసే మనిషి. ఆటలోని చెట్లు, బండలు, కోళ్ళు, కుండలు అన్నీ ఆమె చేతి చలవే. నన్ను చెయ్యడానికి ఆమెకు ఒక పూట పట్టింది. నలుచదరంగా ఒక ముక్క తీసి, దానికి కాస్త మందం ఇచ్చి, అనకాపల్లిలో వాళ్ళ మేనత్తగారింటి ఎర్ర గచ్చు ఫొటో ఒకటి పైన అతికించింది. ఆ ఫొటో తీసే వేళకి మేనత్తగారు పక్కనే కూర్చుని మినప్పప్పు చెరుగుతున్నారట. చేటలోంచి ఒక బద్ద ఎగిరి గచ్చు మీద పడింది. దాన్ని చెరపడం హైమవతి మరిచిపోయింది. అందుచేత మా ఆటలో ఎవరు ఎంత రాజభవనం కట్టుకున్నా, ప్రతి పలక మీదా అదే మూల అదే మినపబద్ద ఉంటుంది. దాన్ని చీపురుతో ఊడవాలని చూసి ఓడిపోయినవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఆట పేరు గూడు. ఆడేవాళ్ళకి సముద్రం మధ్య ఒక ద్వీపం ఇస్తారు. కొంత మైదానం, కొంత చిత్తడి, చుట్టూ కొండలు. కట్టెలు కొట్టుకుని, రాళ్ళు ఏరుకుని, ఎవరి ఇల్లు వాళ్ళు కట్టుకోవాలి. గోడ లేపాలన్నా కప్పు వెయ్యాలన్నా ముందు నన్ను పరవాలి. నేను లేనిదే గడప లేదు. ఈ మాట కాస్త గర్వంగానే చెబుతున్నాను.

మా వంశం సంగతి కూడా కొంచెం చెప్పాలి. ఇళ్ళు కట్టుకునే ఆట ఏదైనా సరే, దాన్ని తయారుచేసేవాళ్ళకి మొదట పట్టుకునే తలనొప్పి ఒకటే. నేలపలక చదునుగా ఉంటుంది, భూమి ఉండదు. నిజం ఇల్లు కట్టే మేస్త్రీ అయితే పునాది తవ్వుతాడు, రాయి పేరుస్తాడు, మట్టి నింపి దిమ్మిస కొట్టిస్తాడు. ఆటలో అంత ఓపిక ఎవరికుంది? ఒక్క నొక్కుకి నేల పడిపోవాలి. అందుకని ఒక్కో ఆటలో మావాళ్ళది ఒక్కో తంతు.

కొన్ని ఆటల్లో నా అన్నదమ్ములు మహా పట్టింపు మనుషులు. భూమి గోరంత ఎగుడుదిగుడుగా ఉన్నా ఒళ్ళంతా ఎర్రగా చేసుకుని, ఇక్కడ కుదరదంటే కుదరదంటారు. పెళ్ళిచూపుల్లో వంకలు పెట్టే మగపెళ్ళివారు నయం. ఇంకొన్ని ఆటల్లో అసలు పట్టింపే లేదు. కొండవాలు మీద పెడితే ఒక మూల గడ్డికి ఆనుతుంది, మిగతా మూడు మూలలూ గాల్లో ఉంటాయి. దాని మీద మూడంతస్తులు లేపి, డాబా మీద గేదెను కట్టేసినా కిందికి రాదు. మరోరకం ఆటల్లో పలకకి కాళ్ళు మొలుస్తాయి. లోయ ఎంత లోతుంటే స్తంభం అంత పొడుగు. ఉండేది ఒక్క గది, దాని కాళ్ళు మాత్రం తాటిచెట్టంత. ఇక పెద్దమనుషుల ఆటలున్నాయి. అక్కడ పలక పెట్టగానే భూమే తల వంచుకుంటుంది. కొండ తనంతట తానే చదునైపోతుంది, బండలు మాయమవుతాయి, అడిగే నాథుడుండడు. అదే పని బయట చెయ్యాలంటే మీకు జేసీబీలు కావాలి, సిఫార్సులు కావాలి, రాత్రికి రాత్రి కానివ్వాలి. పగలల్లా కొండల్ని చదును చేసి ప్లాట్లు వేసుకుని, సాయంత్రం ఇంటికొచ్చి ఆటలో కొండ మీద ఇల్లు కట్టుకుని, అబ్బ, ఎంత బావుందో అనుకునే జాతి మీది. నేనేమీ అనడం లేదు.

చిత్తడిలో పరిచినా మేం కుంగం. ఇసుకలో దిగబడం, మంచు మీద జారం. మాకున్న జబ్బు గడ్డి ఒక్కటే. పలక కన్నా భూమి కొంచెం ఎత్తయిందంటే పచ్చగడ్డి గచ్చులోంచి పడగ్గదిలోకి వచ్చేస్తుంది. మంచం మధ్యలోంచి లేచిన తుమ్మమొక్కను చూసి ఇంట్లోనే తోట అని మురిసిపోయిన మహానుభావులున్నారు.

హైమవతికి కొండను కొయ్యడం ఇష్టం లేదు. నాకు కాళ్ళు పెడదామనుకుంది. ఆ కాళ్ళు రాకముందే సన్యాసిరావు గారు వచ్చారు.

సన్యాసిరావు గారు కంపెనీ యజమాని. ఈ ఆటల వ్యాపారంలోకి రాకముందు భీమిలి వైపు ప్లాట్లు వేసి అమ్మేవారు. ఆ చూపు ఇంకా పోలేదు. ద్వీపం మ్యాపు తెర మీద పెట్టగానే, రోడ్డు ఎటువైపమ్మా అని అడిగారు. రోడ్లు లేవని తెలిసి కాస్త దిగులుపడ్డారు. తర్వాత ఆయన చూపు నా మీద పడింది.

"ఇదేటమ్మా, నేల ఇలా పళ్ళెంలా ఉంది? కడిగితే నీళ్ళు ఎటు పోతాయి?"

"ఆటలో ఇల్లు కడగరు సార్," అంది హైమవతి.

"కడగని ఇల్లు ఇల్లేనా? ఈశాన్యం పల్లం ఉండాల. నైరుతి ఎత్తుండాల. నా చేతి మీద ఇన్ని ఇళ్ళకి పునాదులు పడ్డాయి, ఒక్కదానికి తప్పలేదు. మన ఆటలో తప్పితే ఊరుకుంటానా?"

నవ్వుతున్నారేమో అని హైమవతి ఆయన ముఖం చూసింది. నవ్వడం లేదు. అక్కడికక్కడే సిద్ధాంతిగారికి ఫోన్ కలిపారు. ఇటుకతో కట్టినా గీతలతో కట్టినా ఇల్లు ఇల్లేనని సిద్ధాంతిగారు సెలవిచ్చారు. దాంతో నా నడుం వంగడం ఖాయమైంది.

వంచే పని పైడిరాజుకు పడింది. ఆటకి ప్రోగ్రాం రాసేవాడు అతను. వెంట్రుకవాసి వాలు పెట్టేసి ఊరుకుందామనుకున్నాడు. కంటికి కనబడని పల్లం పల్లమేటి అని సన్యాసిరావు గారు ఒప్పుకోలేదు. చివరికి నాలుగు వేళ్ళ వాలు దగ్గర బేరం తెగింది. నన్ను ఎటు తిప్పి పెట్టినా సరే, ఈశాన్యం మూలే కిందికి ఉండేలా పైడిరాజు కట్టుదిట్టం చేశాడు. ఒక గది కట్టి చూసుకున్నారు. బాగానే ఉందనిపించింది. సన్యాసిరావు గారు కంప్యూటర్‌కి బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆట జనంలోకి వెళ్ళింది.

జనం ఒక్క గదితో ఊరుకుంటారా? హాలు కావాలి, దానికి ఆనుకుని వరండా కావాలి, పక్కన ఇంకో హాలు. ఒక పలక దిగిన చోట రెండో పలక మొదలవుతుంది. అది ఇంకో నాలుగు వేళ్ళు దిగుతుంది. మైదానంలో పెద్ద ఇల్లు మొదలుపెట్టినవాళ్ళకి ఈశాన్యం గది చేరేసరికి నేల మట్టిలో కూరుకుపోయి, కిటికీలోంచి వానపాములు కనబడే పరిస్థితి. నైరుతి గది చూస్తే గాల్లో ఉంది, దాని కింద కోళ్ళు కాపురం. కుండ పెడితే దొర్లుతుంది, ఉల్లిపాయ పెడితే దొర్లుతుంది. ఈశాన్యం మూల బరువుండకూడదని శాస్త్రం. మా ఆటలో ఊళ్ళో సామానంతా ఆ మూలే.

జనం ఆ దొర్లుళ్ళని వీడియోలు తీసి పెట్టుకుని కడుపుబ్బ నవ్వుకున్నారు. అందులో కాస్త తెలివైనవాళ్ళు ఒక సంగతి కనిపెట్టారు. ద్వీపంలో ఈశాన్యం వైపు సముద్రంలోకి మెల్లగా దిగే కొండవాలు ఒకటి ఉంది. దాని మీద నన్ను పరిస్తే, కొండ ఎలా దిగుతుందో నేనూ అలాగే దిగుతాను. గడ్డి పైకి రాదు, అంచు గాల్లోకి లేవదు. అంతే, మైదానం ఖాళీ అయిపోయింది. ఆ ఒక్క వాలు మీద మాత్రం పండగపూట బస్సులో ఉన్నట్టు ఇల్లు మీద ఇల్లు.

వరాలును నేను చూసింది అక్కడే. పూర్తి పేరు వరహాలమ్మ, అలా పిలిస్తే పలకదు. విశాఖపట్నంలోనే, కొండకి ఎగబాకిన ఒక కాలనీలో ఉంటుంది. పెళ్ళి వీడియోలు కూర్చి అందంగా చేసి ఇవ్వడం ఆమె పని. చిన్నప్పటి జ్వరంలో కాళ్ళు చచ్చుబడ్డాయి, చక్రాల కుర్చీలో ఉంటుంది. ఆ కాలనీలో వీధి అంటే మెట్లే. కాలు బాగున్నవాళ్ళకే ఆయాసం వస్తుంది. ఆమె బయటికి వెళ్ళాలంటే ఆటో నడిపే అన్న నూకరాజు వీపు మీద మోసుకుని దించాలి, మళ్ళీ పైకి వచ్చి కుర్చీ తీసుకెళ్ళాలి. ఇవన్నీ నీకెలా తెలుసంటారా? ఆమె ల్యాప్‌టాప్‌కి కెమెరా ఉంది, మైకుంది. మీరొక్కరే మమ్మల్ని చూస్తున్నారనుకోకండి.

వరాలు కట్టిన ఇల్లు ఎవరికీ అర్థం కాలేదు. కొండ నెత్తిన వంటగది. దాని తర్వాత ఒక గది, దాని తర్వాత ఇంకొకటి, అలా వరసగా కొండ దిగుతూ సముద్రం ఒడ్డున వసారా దాకా. రైలుపెట్టెల్లా ఇదేం ఇల్లని తోటి ఆటగాళ్ళు వెక్కిరించారు. ఆమె తన మానాన తను కట్టుకుంటూ పోయింది. నాకు మాత్రం ఆ ఇంట్లో ఉండడం హాయిగా ఉండేది. ఆమె నన్ను తొందరపడి పరచదు. ఒక పలక పెట్టి, ఆటలో తన బదులు తిరిగే బొమ్మమనిషిని దాని మీద పైకీ కిందికీ నడిపించి, అతుకు దగ్గర తడబడకపోతేనే రెండోది పెడుతుంది. పైనుంచి సముద్రం దాకా ఆ ఇంట్లో ఒక్క మెట్టు లేదు.

ఇంతలో నా తలరాత తిరగబడింది. ఊరంతా నవ్వుతుంటే సన్యాసిరావు గారికి తల కొట్టేసినట్టయింది. నేల చదును చేస్తే తప్ప ఆటను మా దుకాణంలో పెట్టేది లేదని, ఇంటర్నెట్‌లో ఆటలమ్మే ఒక పెద్ద కంపెనీవాళ్ళు తేల్చి చెప్పారు. ఆయన మూడు రోజులు అలిగి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నారు. హైమవతి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. పీడ వదిలిందంది. నన్నే అంది. కన్నతల్లి నోట ఆ మాట వినడం ఎంత కష్టంగా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. ఆ సాయంత్రమే నా తమ్ముణ్ణి చేసింది. చక్కగా, చదునుగా, కాళ్ళతో సహా. కొత్త ఆట విడుదలకి విజయదశమి నాడు సిద్ధాంతిగారు ముహూర్తం పెట్టారు. ఆ రోజుతో నేనున్న ప్రతిచోటా తమ్ముడు వస్తాడు, నేను పోతాను.

ముందుగా చూసి చెప్పమని కొత్త ఆటను బాగా ఆడే కొందరికి పంపారు. అందులో వరాలు ఉంది. ఆమె తెరిచి చూసింది. తమ్ముడు చదునైనవాడు కదా, దిగే కొండ మీద పరిస్తే అతుకు అతుక్కీ ఒక మెట్టు పడుతుంది. ఆమె ఇల్లు ఇల్లంతా మెట్లయిపోయింది. చూడ్డానికి నిజంగా అందంగా ఉంది, గుడికి వెళ్ళే దారిలా. వరాలు చాలాసేపు కదలకుండా దాన్నే చూసింది. తర్వాత పాత ఆట తెరిచి, నన్ను చూసి, మళ్ళీ కొత్తది తెరిచింది. పోతున్నానన్న దుఃఖం నాకూ ఉంది. కానీ ఆమె ముఖం చూశాక నా దుఃఖం చిన్నదనిపించింది.

కంపెనీకి రాసింది. మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని యంత్రం జవాబిచ్చింది. మళ్ళీ రాసింది. యంత్రం మళ్ళీ ధన్యవాదాలు చెప్పింది. మర్నాడు పొద్దున్న అన్నను పిలిచి, ఆఫీసుకి తీసుకెళ్ళమంది.

ఆఫీసు రెండో అంతస్తులో కదా. లిఫ్టు లేదు. ఫుట్‌పాత్ నుంచే మెట్లు మొదలవుతాయి. నూకరాజు అలవాటుగా ఆమె ముందు వంగి వీపు చూపించాడు.

"వొద్దు," అంది వరాలు. "నేల చేసేవాళ్ళ దగ్గరికి నీ వీపెక్కి వెళ్తానేటి? వాళ్ళనే కిందికి రమ్మను."

నూకరాజు పైకి వెళ్ళి ఏం చెప్పాడో తెలియదు గానీ, హైమవతి, పైడిరాజు ఇద్దరూ దిగి వచ్చారు. వరాలు ల్యాప్‌టాప్ ఒళ్ళో తెరిచి పెట్టుకుంది. నేను తెర మీద ఉన్నాను. వద్దనుకున్న చుట్టం గుమ్మంలో కనబడ్డట్టు హైమవతి నన్ను చూసింది.

"ఇదండీ పాతది. పైనుంచి సముద్రం దాకా వెళ్ళిపోవచ్చు," అంది వరాలు. "ఇదిగో ఇది కొత్తది. గదికో మెట్టు పెట్టీసేరు."

"పాతదాంట్లో ఉన్నది తప్పండీ, సరిచేసేం," అన్నాడు పైడిరాజు మర్యాదగా. "అయినా మీ బొమ్మమనిషికి మెట్లు ఎక్కడం వచ్చు కదండీ. ఇబ్బందేం ఉండదు."

"దానికి వచ్చు. ఇల్లు కట్టుకున్నది నేను కదండీ."

హైమవతి చక్రాల కుర్చీ వైపు చూసింది, తర్వాత వెనక్కి తిరిగి తను దిగొచ్చిన మెట్ల వైపు చూసింది. ఆ మెట్లు ఆమె రోజూ ఎక్కేవే. చూడడం మాత్రం ఆ రోజే.

ఈలోగా సన్యాసిరావు గారు కూడా దిగారు. పాత నేలే కావాలని ఎవరో అమ్మాయి వచ్చిందని వినేసరికి ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

"చూసేరా? నేను చెప్పలేదూ? ఈశాన్యం పల్లం ఉన్న ఇల్లు మనిషిని వొదలదు!"

"వాస్తు సంగతి నాకు తెలీదు సార్," అంది వరాలు. "మా కొండ మీద వాస్తు చూసి కట్టిన ఇళ్ళు బోల్డున్నాయి. వాటికీ మెట్లే. నేను గుమ్మం దాటాలంటే మా అన్నని పిలవాల. పాపం, ఎప్పుడూ కాదనడు. కానీ ఎక్కడికని అడుగుతాడు. బయల్దేరినోళ్ళని ఎక్కడికని అడక్కూడదంటారు కదా? నన్ను రోజూ అడుగుతారు. అడక్కపోతే ఎలా మోస్తారు మరి? ఈ ఇంట్లో ఎవరూ అడగరు సార్. దీన్ని తీసీకండి."

నూకరాజు ఆటో దగ్గరికి వెళ్ళి, శుభ్రంగా ఉన్న అద్దాన్ని తువ్వాలుతో తుడవడం మొదలుపెట్టాడు.

సన్యాసిరావు గారు పైడిరాజు వైపు తిరిగి, రెండు నేలలూ ఉంచితే ఏమవుతుందని అడిగారు. ఉంచొచ్చు గానీ వాలు పలకా చదును పలకా ఒకదానికొకటి అతకాలంటే అంతా తిరగరాయాలని, విజయదశమికి కాదని పైడిరాజు చెప్పాడు.

ముహూర్తం దాటించడం సన్యాసిరావు గారి ఇంటావంటా లేదు. ఆయన జేబులోంచి ఫోన్ తీసి, చేతిలో రెండుసార్లు తిప్పి, సిద్ధాంతిగారికి కలిపారు.

"నమస్కారమండీ. ఆ ముహూర్తం వొద్దండి. కార్తీకంలో ఇంకోటి చూడండి... అబ్బే, అశుభం ఏటీ లేదు. ఒక నేల ఉంచాల, అంతే."

నన్ను ఉంచాలన్న మాట ఆయన నోట విన్నాక నాకు కళ్ళలో నీళ్ళు తిరగవలసింది. కళ్ళు లేవు గనక బతికిపోయాను.

హైమవతి వరాలు పక్కన, మెట్టు మీదే కూర్చుంది. ఇంకేమైనా మార్చాలా అని మెల్లగా అడిగింది. వరాలు తెర మీది తన బొమ్మమనిషిని చూపించింది.

"ఒకటుంది. నా బొమ్మని నడిపించకండి. నడవాలని ఉందని నేనెవరికీ చెప్పలేదు. నా ఈ చక్రాల బండి పెట్టండి, చాలు."

ఆ బండిని హైమవతి నాలుగు పూటలు కూర్చుని చేసింది. నాకు పట్టింది ఒక పూటే అని మనసులో పెట్టుకోలేదు. వాలు మీద అది దానంతట అదే ఉరికిపోయి సముద్రంలో పడింది. పైడిరాజు తల పట్టుకుని దానికి బ్రేకు రాశాడు. కార్తీకంలో ఆట మళ్ళీ విడుదలైంది. తమ్ముడు మైదానాలు, చిత్తడి నేలలు, లోయలు అన్నీ ఏలుకుంటున్నాడు, మంచివాడే. నా పేరు ఇప్పుడు వాలు పలక. సన్యాసిరావు గారు మాత్రం వచ్చినవాళ్ళందరికీ వాస్తు పలక అని చూపిస్తారు. ఆఫీసు మెట్ల పక్కన ఒక వాలుదారి కట్టించమని హైమవతి ఆయన వెంటపడుతోంది. కడితే అది నైరుతికి పల్లమవుతుందట, సిద్ధాంతిగారు శాంతి ఏమైనా ఉందేమో చూస్తున్నారు.

ఆట వచ్చిన మొదటి రోజు పొద్దున్నే వరాలు తెరిచింది. వంటగదిలో బండి ఎక్కి కూర్చుంది. బ్రేకు వదిలి, ఒక చెయ్యి చక్రం మీద ఉంచి, మెల్లగా బయల్దేరింది. చక్రాలు నా మీంచి దొర్లుతుంటే ఒక్క అతుకు దగ్గరా అదరలేదు. మొదటి గది దాటింది, రెండోది దాటింది. కిటికీల్లోంచి ఎండ నా మీద పడుతోంది, ఆమె నీడ వెనకే వస్తోంది. అడ్డమొచ్చిన కోడిని అదిలించింది. వసారాలోకి వచ్చి ఒక్క క్షణం ఆగింది. ఎదురుగా సముద్రం. మళ్ళీ చక్రం తిప్పింది. నా చివరి అంచు దాటి బండి ఇసుకలోకి దిగింది.

ఎక్కడికని నేను అడగలేదు.